పాలు పొంగనివ్వని బావ

బడిపంతులు రిటైరైతే పక్కింటి పిల్లల చేతిరాత దిద్దుతాడు. పోలీసాయన రిటైరైతే ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా ఎక్కడినుంచి వస్తున్నావని నిలదీస్తాడు. మేం ఫైరు వాళ్లం. ఎవరింటికెళ్లినా కుర్చీ చూపిస్తే కూర్చోం. ముందు వీధి తలుపు ఎటు తెరుచుకుంటుందో, పెరటి తలుపుకు బయట గొళ్లెం ఉందో లేదో చూసుకుని, అప్పుడు కూర్చుంటాం. మా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని చుట్టాలిళ్లకు వెళ్లడం ఎప్పుడో మానేసింది. "వాళ్లు కాఫీ ఇస్తే తాగాలి గానీ, మీ మీటరు బోర్డు మాడిపోతంది అని సెప్పకూడదు" అంటుంది. మాడిపోతుంటే చెప్పొద్దా అని నా బాధ.

శ్రీకాకుళంలో నేను ఫైరింజను నడిపేవాణ్ణి. మంటల్లోకి వెళ్లింది తక్కువ, వెళ్లొచ్చిన వాళ్లకు సలహాలిచ్చింది ఎక్కువ. "నువ్వు స్టీరింగు దగ్గర సల్లగా కూసున్నోడివి, నీకేటి తెలుసు" అని మా వాళ్లు ఇప్పటికీ దెప్పుతారు. బండి ఆపాక పంపు నడిపేది కూడా డ్రైవరేనని, నీళ్లు తగ్గినా పెరిగినా అవతలివాడి ప్రాణం నా చేతిలోనే ఉండేదని నేను చాలాసార్లు మొత్తుకున్నాను. వినేవాళ్లు లేరు. అందుకని ఇప్పుడు మొత్తుకోను, ఇలా రాసి పెడతాను.

మా గుంపులో నలుగురం. ఒకాయన మా పాత స్టేషను ఆఫీసరు గారు. పెన్షను తీసుకుంటున్నా ఆయన గొంతులో ఇంకా ఆర్డరే పలుకుతుంది. టీ కొట్టులో "నాలుగు టీలు" అంటే కొట్టువాడు తెలియకుండానే నిటారుగా నిలబడతాడు. మిగతా ఇద్దరినీ ముందు బావ, వెనక బావ అంటాం. ఆ పేర్లు వరసను బట్టి వచ్చినవి కావు, పనిని బట్టి వచ్చాయి. నీళ్ల గొట్టం చివరి ఇత్తడి ముక్కును మేం బ్రాంచి అంటాం. దాన్ని పట్టుకుని మంటకు ఎదురు నిలబడేవాడు ఒకడు. నీళ్లు తోసే తోపుకు వాడు వెనక్కి విరుచుకుపడకుండా, వీపుకు భుజం ఆనించి గొట్టం మోసేవాడు ఇంకొకడు. సర్వీసులో చేరింది మొదలు వీళ్లిద్దరూ అలా ముందూ వెనకా నిలబడ్డారు. మధ్యలో బదిలీలు విడదీసినా, ఏదో తంటాలు పడి మళ్లీ ఒకే స్టేషనుకు చేరేవారు. ముందు బావ ఇల్లాలు మొదట్లోనే వెనక బావను అన్నయ్య అని పిలిచింది కాబట్టి ఆ ఇద్దరూ బావా బావా అనుకున్నారు. చుట్టరికం ఏమీ లేదు.

పొద్దున్నే మేం కూర్చునేది స్టేషనుకు దగ్గర్లో ఉన్న టీ కొట్టు బల్ల మీద. వీపు గోడకు, మొహం రోడ్డుకు. పేపరు చదువుతున్నట్టు ఉంటాం గానీ కళ్లు ఆకాశంలో ఉంటాయి. ఎక్కడైనా పొగ కనిపించిందా, ఇక పందెం మొదలు. తెల్లగా లేస్తే గడ్డి కుప్ప, నల్లగా సుళ్లు తిరిగితే టైర్లు, పసుపు ఛాయ ఉంటే ఏదో రసాయనం. ఓడినవాడు టీ ఇప్పించాలి. వెనక బావ ఎప్పుడూ గెలిచేవాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, కానీ పొగను చూసి, "అది పెంట పోగు తగలెట్టినారు, పోనీయండి" అని చల్లగా చెప్పి పేపరు తిప్పేసేవాడు. సైరను మోగితే మాత్రం నలుగురం ఒకేసారి బల్ల మీంచి సగం లేస్తాం. బండి వెళ్లిపోయాక ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ కూర్చుంటాం. కొట్టువాడు నవ్వుతాడు. వాడికేం తెలుసు, అలవాటు పడ్డ ప్రాణం.

పెళ్లిళ్లకు మాకొక ఆచారం ఉంది. మాలో ఎవరింట శుభకార్యమైనా మిగతావాళ్లం అందరికంటే ముందు వెళ్లి వంటల షెడ్డు చూస్తాం. గాడిపొయ్యికీ టెంటు గుడ్డకీ మధ్య ఎంత దూరం ఉంది, సిలిండర్లు నిలబెట్టారా పడుకోబెట్టారా, బకెట్లలో నీళ్లూ, తడిపిన గోనె సంచులూ ఉన్నాయా లేదా. పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు మా ఆఫీసరు గారు ఇంటినుంచే రెండు గోనెలు చుట్టి తెచ్చుకుంటారు. వంటవాళ్లకు మేమంటే పరమ చిరాకు. ఒకసారి చీపురుపల్లిలో ఒక పెళ్లికి వెళ్తే వంటమేస్త్రి మమ్మల్ని చూడగానే, "వొచ్చీసినారు బాబూ, పొయ్యి ఆర్పీమంటారా, బువ్వ వొండమంటారా, ముందే సెప్పీయండి" అన్నాడు.

శ్రీముఖలింగం వెళ్లినా అదే కథ. ఒక కార్తీక మాసంలో నలుగురం బస్సెక్కి వెళ్లాం. మంచి దర్శనం అయింది. తిరిగొచ్చాక మా ఆవిడ, దేవుడు ఎలా ఉన్నాడని అడిగింది. దేవుడు బాగానే ఉన్నాడు గానీ, ఆడవాళ్లు దీపాలు పెట్టే చోట చీర కొంగులు మరీ దగ్గరగా వస్తున్నాయని చెప్పాను. వెనక బావ అయితే అక్కడ ఒక గంట నిలబడి ఎవరి కొంగు జారినా, "అమ్మా, కొంగు సూస్కోండి" అంటూనే ఉన్నాడు. పుణ్యం అంతా ఆయనకే వచ్చి ఉండాలి.

ఇవన్నీ కాక నెలకోసారి ఒకరింట్లో భోజనం. వంట మేమే చేస్తాం, ఆ ఇంటి ఆడవాళ్లు కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. కోనెం చేప పులుసు నా బాధ్యత, పనసపొట్టు కూరలో ఆవ పెట్టడం ఆఫీసరు గారి బాధ్యత. ఒక్కటే షరతు. నలుగురూ ఉంటేనే పొయ్యి వెలగాలి. ఒకడు రాలేకపోతే భోజనం వాయిదా. ఈ షరతు వల్లే తరవాత చిక్కొచ్చి పడింది.

మొన్న ఎండలు మొదలవకముందే మా ముందు బావ ఊరి చివర కొత్త లేఅవుటులో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం అంతా అద్దె ఇళ్లలో, క్వార్టర్లలో గడిపిన మనిషి. ఆయనకంటే ఆయన ఇల్లాలికి ఆ ఇంటి మీద మమకారం ఎక్కువ. గోడలకు నీళ్లు కొట్టడం దగ్గర్నుంచీ ఆవిడే దగ్గరుండి చూసుకుంది. గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచినప్పుడే, "అన్నియ్యా, సెల్లెమ్మ ఇల్లని గోనెలు తెచ్చీకండి, ఇది కొత్తిల్లు" అని హెచ్చరించింది కూడా. గోనెలు తేలేదు. అదొక్కటే మేం సరిగ్గా చేసింది.

పూజ అయింది. ఇల్లు కిక్కిరిసిపోయి ఉంది. వంటగది గట్టు మీద కొత్త స్టవ్వు, దాని మీద పసుపు రాసి, దారం కట్టిన ఇత్తడి గిన్నెలో పాలు. ముహూర్తం దగ్గర పడిందని పంతులు గారు తొందర పెడుతున్నారు. ముందు బావ దంపతులు పట్టుబట్టలతో పొయ్యి ముందు నిలబడ్డారు. వాళ్ల వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక మేము. వెనక బావ మాత్రం ఎలా దూరాడో దూరి గట్టు పక్కన, సిలిండరు దగ్గర నిలబడ్డాడు. ఆయన అక్కడ నిలబడటం చూడగానే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

పాలు మీగడ కట్టాయి, అంచులు కదిలాయి, తెల్లగా పైకి లేచాయి. పంతులు గారు మంత్రం గొంతు పెంచారు. ముందు బావ ఇల్లాలు చేతులు జోడించి కళ్లు మూసుకుంది. సరిగ్గా అప్పుడు వెనక బావ వంగి సిలిండరు నాబు తిప్పేశాడు. మంట ఆరింది. గిన్నె అంచు దాకా వచ్చిన పాలు ఒక్కసారి అలా నిలబడి, మెల్లగా లోపలికి దిగిపోయాయి.

పంతులు గారి మంత్రం మధ్యలో ఆగిపోయింది. వెనక బావ చెయ్యి ఇంకా నాబు మీదే ఉంది. తరవాత ఆయన నాతో చెప్పిన దాన్నిబట్టి ఆ క్షణంలో ఆయన బుర్రలో గృహప్రవేశం లేదు, ముహూర్తం లేదు. పాలు పొంగితే మంట ఆరుతుంది, మంట ఆరితే గ్యాసు వదులుతుంది, గది నిండా మనుషులు, అడుగు దూరంలో దీపం. అంతే. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. లోకమంతా పాలు పొంగాలని చూసే చోట, పొంగకూడదని చూసేవాడు మాలాంటివాడే అయి ఉంటాడు.

మళ్లీ వెలిగించారు. మళ్లీ పొంగాయి. కానీ ఈలోగా ముహూర్తం దాటిపోయింది. పంతులు గారు పెద్దమనిషి, "ఏం పరవాలేదమ్మా, పొంగాయి కదా" అన్నారు. ఆవిడ వినలేదు. ముక్కు మీద కోపం మనిషి, కడుపులో ఏదీ దాచుకోదు. అందరి ముందూ వెనక బావ వైపు తిరిగింది.

"ఆర్పీడం తప్ప నీకు ఇంకేటీ రాదేటి అన్నియ్యా? శుభమా అని పాలెడితే కట్టీసినావు. నా ఇల్లు సల్లగా ఉండకూడదనా? ఇంక నువ్వు నా గడప తొక్కకు."

వెనక బావ సిలిండరు దగ్గర్నుంచి ఇవతలికొచ్చాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మేం వెనకాలే వెళ్లి పిలిస్తే, "కడుపులో బాగులేదు, మీరు తినీసి రండి" అన్నాడు. మేం తిన్నాం. సిగ్గు లేకుండా బొబ్బట్లు కూడా తిన్నాం. తినకపోతే ఆవిడకు ఇంకా కోపం వస్తుందని ఆఫీసరు గారు ఆర్డరు వేశారు.

రెండు రోజులు పోతే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆవిడ తిట్టడం ఇదేమన్నా మొదటిసారా. నన్నయితే చేప పులుసులో చింతపండు ఎక్కువైందని వీధి వినబడేలా తిట్టింది. సర్దుకునేదే, కానీ నెల తిరక్కుండా ముందు బావ కొత్త ఇంటి స్నానాల గదిలో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో కట్టు కట్టారు.

ఆ కబురు తెలిసిన పొద్దున వెనక బావ నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాడు. చేతిలో ఉన్న కొబ్బరి బొండాలు నాకిచ్చి, "నువ్వు తెచ్చినట్టు ఇచ్చీ" అన్నాడు.

"నువ్వు రావేటి?"

"నానెలా వస్తాను. ఆ పాలు పొంగకుండా ఆపింది నానే గదా."

"ఒరే నాయనా, ఆ నేల మీద టైల్సు అద్దంలా ఉన్నాది. మొన్న నాను కూడా జారబోయినాను. పాలకీ దానికీ సంబంధం ఏటి?"

"నీకు తెల్దులే" అని వెళ్లిపోయాడు. నిప్పుల్లోకి నడిచిన మనిషి, కూలిపోయే దూలం కింద నిలబడ్డ మనిషి, ఒక గిన్నె పాలకు భయపడ్డాడు. నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. బొండాలు లోపలికి తీసుకెళ్లి ముందు బావకు ఇచ్చాను. ఎవరు తెచ్చారో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన ఒక బొండాం తాగి, "బావ ఎలాగున్నాడు?" అని మాత్రం అన్నాడు.

ఆ తరవాత వెనక బావ బల్ల దగ్గరకు రావడం మానేశాడు. ముందు బావ చేతికి కట్టుతో వచ్చి కూర్చుంటాడు కాబట్టి, ఆ కట్టు చూడలేక. ఫోను చేస్తే ఎత్తి, పని ఉందంటాడు. రిటైరైన వాడికి ఏం పని? బల్ల మీద ఆయన చోటు ఖాళీగా ఉంటే మాకు పొగ పందెం మీద కూడా మనసు పోలేదు. ఒకరోజు తూర్పున నల్లగా లేచింది. నేను టైర్లన్నాను, ఆఫీసరు గారు తారు డబ్బాలన్నారు. తేల్చేవాడు లేడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఈ వయసులో కొత్త స్నేహితుల్ని ఎక్కడ వెతుక్కుంటాం? ఉన్న నలుగురిలో ఒకడు పోతే మిగిలేది ముగ్గురు కాదు, మాటల్లేని ముగ్గురు.

ఇలా ఉండగా నెల భోజనం వంతు ముందు బావ ఇంటికి వచ్చింది. నలుగురూ ఉంటేనే పొయ్యి వెలగాలి కదా. ఆ నెల వాయిదా వేస్తే ఇక ఎప్పటికీ వాయిదానే అని మా ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవరం ఆ మాట పైకి అనలేదు. చివరికి ముందు బావే, "మా ఇంటిది రమ్మంది, అందర్నీ" అన్నాడు. ఆ చివరి మాట వత్తి పలికాడు.

నేను వెనక బావ ఇంటికి వెళ్లాను. నాగావళి ఒడ్డు దగ్గర పాత వీధిలో చిన్న పెంకుటిల్లు. ఆయన ఇల్లాలు ఊళ్లో లేదు, కూతురి కాన్పుకు వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని తుప్పు పట్టిన గొళ్లేనికి నూనె రాస్తున్నాడు.

"ఆదివారం బోయినం బావ ఇంట్లో. ఆవిడే అందర్నీ రమ్మంది" అన్నాను.

"అందర్నీ అంటే మిమ్మల్ని. నన్ను తొక్కొద్దన్న గడప నాను తొక్కను. మీరెల్లండి. నా కోసం ఆపీకండి."

"షరతు ఉంది గదా."

"షరతు నాను ఎత్తీసినాను."

ఆయన ఎత్తేస్తే ఎత్తేసినట్టేనా. కానీ ఆ గొళ్లేన్ని ఆయన రుద్దే తీరు చూశాక ఇంకో మాట అనలేకపోయాను.

ఆదివారం ఆఫీసరు గారూ నేనూ చేపలు పట్టుకుని వెళ్లాం. ముందు బావ ఇల్లాలు గేటు తీసి, మా చేతుల్లో సంచుల వైపు చూడలేదు, మా వెనక రోడ్డు వైపు చూసింది.

"అన్నియ్యేడి?"

ఎన్నో మంటల దగ్గర ఒక్క క్షణం తడబడకుండా ఆర్డర్లు వేసిన మా ఆఫీసరు గారు, "ఆయనకి కొంచెం... వస్తారు... చూద్దాం" అని నసిగారు. ముందు బావ లోపల్నుంచి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇక నేనే చెప్పాను. గడప తొక్కొద్దన్నావు కాబట్టి రానన్నాడని, చెయ్యి విరగడం కూడా తన వల్లేననుకుంటున్నాడని, బొండాలు తెచ్చింది కూడా ఆయనేనని అన్నీ కక్కేశాను.

ఆవిడ కొంగు నడుముకు దోపింది. తరవాత మొదలెట్టింది.

"నాను తిట్టినాను. తిడతాను. నా ఇల్లు, నా నోరు. తిడితే రాడా? మర్నాడొచ్చి గుమ్మంలో కూసుని, 'సెల్లెమ్మా, టీ పెట్టు' అంటాడనుకున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా సూసినాను. ఆ మర్నాడూ సూసినాను. ఈయన పడిపోతే అప్పుడైనా వొస్తాడనుకున్నాను. రాలేదు. నాకెంత కోపమొచ్చుంటాదో మీకెవరికైనా తెల్సా?"

అంతవరకూ ఆవిడ పాల మీద అలిగిందనుకున్నాం. మొగవాళ్ల బుర్రలు అంతవరకే వెళ్తాయి.

"ఆ గోనె సంచుల మిల్లు అంటుకున్న రోజు జ్ఞాపకముందా మీకు?" అని నన్నే అడిగింది.

ఎందుకుండదు. బండి నడిపింది నేనే. జనపనార మంట బయటికి ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటూనే ఉంటుంది. రెండు రోజులు ఇంటి మొహం చూడలేదు. మూడోనాడు పొద్దున తిరిగొస్తూ బండిని వాళ్ల వీధి మొగలో ఆపాను. ముందు బావ కళ్లు పొగకు వాచిపోయి తెరవలేకపోతున్నాడు. వెనక బావ దిగి, భుజం పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. పెద్ద మంట నుంచి వచ్చిన ప్రతిసారీ అది ఆయన చేసే పనే. కళ్లు బాగున్న రోజు కూడా గుమ్మం దాకా వెళ్లి, ఆవిడకు మనిషిని చూపించి, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. బండి హారను కొట్టి విసుక్కునేది నేనే.

"'ఇదిగో సెల్లెమ్మా, నీ మనిషి' అని అప్పజెప్పీసి ఎలిపోయేవోడు. కాఫీ కూడా తాగీవోడు కాదు, బండి డ్రైవరు అరుస్తన్నాడని" అంది నా వైపు గుర్రుగా చూసి. "అలాంటోడు, నానొక్క మాటంటే రాడా? ఇన్నేళ్లలో నా మాట ఎప్పుడైనా విన్నాడేటి, ఇప్పుడే వినాలా?"

అని లోపలికెళ్లి, సిలిండరు నాబు కట్టేసి, కట్టిందో లేదో మళ్లీ ఒకసారి తిప్పి చూసుకుని వచ్చింది. చీర మార్చుకోలేదు. "ఆటో ఆపండి" అంది. చేపల సంచి గుమ్మం దగ్గరే వదిలేసి నలుగురం ఎక్కాం. ఆటోవాడు వేగంగా పోతుంటే మామూలుగా నేను తిట్టేవాణ్ణి, ఆ రోజు ఊరుకున్నాను.

వెనక బావ అరుగు మీద లేడు. తలుపు తట్టింది ఆవిడే. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు. ఒక్కడూ చద్దన్నం తింటున్నాడు. ఆవిణ్ణి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏటి అన్నియ్యా, సెల్లెమ్మ తిడితే ఇల్లు మర్సిపోతావేటి?"

ఆయన తల దించుకున్నాడు. "అది కాదమ్మా. మళ్లీ నానొచ్చినాక మీ ఇంటికి ఏదైనా అయితే..." అని ఆగిపోయాడు.

"ఏదైనా అయితే నానెవర్ని పిలుస్తాననుకున్నావు?" అంది ఆవిడ. ఆవిడ కళ్లు నిండాయి. "సెప్పు. ఎవర్ని పిలుస్తాను?"

ముందు బావ కట్టు చేత్తోనే బావ భుజం పట్టుకున్నాడు. వెనక బావ లోపలికి వెళ్లి సగం తిన్న కంచం మీద మూత పెట్టి, చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, చెప్పుల కోసం అటూ ఇటూ వెతుక్కోవడం మొదలెట్టాడు. గుమ్మం దిగుతూనే వేసుకున్నవి ఆయన కాళ్లకే ఉన్నాయి. ఎవరం చెప్పలేదు.